చేతిచెప్పులు

“జరగకు. ఆడ్నే కూసో. నేనొచ్చినంక దించుత.”

పొద్దున్నే యోసేపు అనే మాట ఇదే. పళ్ళు తోముకోవడం, తల దువ్వుకోవడం ఎట్లానో ఈ మాట అనడం కూడా అట్లాగే. భార్యను మంచం మీది నుంచి రెండు చేతుల్లో ఎత్తి, ముందరి అర్రలో కిటికీ పక్కనున్న చెక్క తఖ్తు మీద, చేతి మిషను ముందర కూర్చోబెట్టి, ఆ మాట అనేసి వెళ్ళిపోతాడు. గల్లీ చివర ఆటో గుర్రుమంటుంది. మళ్ళీ ఆ చప్పుడు వినబడేదాకా లిదియా ఆ తఖ్తు మీదే. తఖ్తుకు నాలుగు కాళ్ళున్నాయి. అదీ ఎక్కడికీ పోదు.

లిదియా బ్లౌజులు కుడుతుంది, చీరలకు ఫాల్సు వేస్తుంది, లంగాలకు నాడాలు ఎక్కిస్తుంది. అది చేతుల పని, చేతులు వాటంతట అవే చేసుకుపోతాయి. మనిషి మొత్తం పూనుకొని చేయవలసిన పని ఇంకొకటి ఉంది. నీళ్ళు తాగకుండా ఉండడం. పొద్దున చాయి సగం గ్లాసు. అన్నంలోకి చారు వద్దు, పచ్చడి మెతుకులు చాలు. పచ్చడి తింటే దూప అవుతుంది, కాబట్టి అదీ చూసుకొని. ఎండకాలం నాలుక అట్టముక్కలా ఎండిపోతే, చెంబులో వేలు ముంచి పెదాలు తడుపుకొని మళ్ళీ మూత పెట్టేస్తుంది. మధ్యాహ్నం గిరాకీ లేకపోతే యోసేపు ఇంటికి వస్తాడు, పెరట్లోకి ఎత్తుకుపోతాడు. గిరాకీ ఉంటే పొద్దు గూకినాకే. నడుమ ఆపుకోలేకపోతే అత్త కిష్టవ్వను పిలవాలి. కిష్టవ్వకు నడుము పట్టేసింది, కోడలిని ఎత్తలేదు. పాత పెయింటు డబ్బా తెచ్చి తఖ్తు మీద పెట్టి, కిటికీ తలుపు దబ్బున మూసి, గల్లీలోకి పోయి నిలబడుతుంది. ఊరికే నిలబడితే ఏ బాధా లేదు.

“జర ఆగవ్వా, ఇప్పుడే పోకు లోపటికి. మా కోడలు పనిల ఉన్నది,” అంటుంది బ్లౌజు కోసం వచ్చినవాళ్ళతో, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని. “ఏం జెయ్యాలె చెప్పు. పసిపిల్లకు చేసినట్టు చేసుడే. దేవుడు నాకొక్క కొడుకునిచ్చిండు, ఆడు దేవుడే అయి కూసున్నడు. ఇంకొకడైతే గీమెను ఎన్నడో అవ్వగారింట్ల పారేసి వస్తుండె.”

మూసిన కిటికీ సందులోంచి అన్నీ వినబడేవి. తన చప్పుడు కూడా అట్లాగే బయటికి వినబడుతుందేమో అని లిదియా ఒక చేత్తో మిషను చక్రం తిప్పేది. బట్ట లేకుండానే సూది కిందికీ మీదికీ ఆడేది. గల్లీలో వాళ్ళు, లిదియా కుడుతున్నదని అనుకోవాలి.

దిగలేదా అంటే, దిగగలదు. ఇది ఎవరూ అడగని మాట.

కంగ్టి అవతల, కన్నడ మాట కలిసే ఊరు ఆమెది. నడక నేర్చిన యేడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. తండ్రి సంగయ్య చెప్పులు కుట్టేవాడు. నేల మీద దేకుతూ తిరిగే బిడ్డ అరచేతులు పగిలి నెత్తురు కారడం చూసి, ఒకనాడు లారీ టైరు కోసి, పైన తోలు పట్టీలు వేసి, చుట్టూ గుబ్బమేకులు కొట్టి రెండు చెప్పులు తయారుచేశాడు. చేతులకు. ఊరంతా నవ్వింది. “ఏందిర సంగా, చేతులకు చెప్పులా? రేపు కాళ్ళకు గాజులేస్తవా?” అన్నాడు పటేలు. సంగయ్య తోలు కుట్టే ఆరె పక్కన పెట్టకుండానే, “కాళ్ళకేసుకునేది చెప్పు గాదు పటేలా. నేలకు తాకేదానికి ఏసుకునేది చెప్పు,” అన్నాడు.

ఆ చెప్పులు తొడుక్కొని లిదియా తిరగని జాగా లేదు. వాగు దాకా పోయేది. బర్రెను మళ్ళేసుకొచ్చేది. పత్తి ఏరడానికి పోతే మిగతా ఆడవాళ్ళకు వంగి వంగి నడుములు పోయేవి, ఈమెకు కింది కాయలు సరిగ్గా ముఖానికి ఎదురుగా ఉండేవి. “నువ్వు దేవునితోని మాట్లాడుకొని వచ్చినవే పొల్లా, మాకే గీ పొడుగు పెట్టిండు,” అని వాళ్ళు ఆమెతో పరాచికాలాడేవాళ్ళు. టప్, టప్ అని టైరు చప్పుడు మలుపు దగ్గర వినబడితే చాలు, తల్లి రామవ్వ పెంక మీద రొట్టె వేసేది. మనిషి గడప దాటేసరికి రొట్టె పొంగి ఉండేది. ఆ చప్పుడే ఆమె నడక. నడక అంటే కాళ్ళతోనే చేయాలని ఆ ఊళ్ళో ఎవరికీ పట్టింపు లేదు.

పెళ్ళితో ఆ చప్పుడు ఆగింది.

ప్రార్థన కూటాలకని వాళ్ళ ఊరికి వచ్చిన యోసేపు, పాటలయ్యాక లేచి నిలబడి, ఈ పిల్లను నేను చేసుకుంటానని అందరి ముందూ అన్నాడు. అప్పుడతను ఎవరిదో జీపు మీద క్లీనరు. పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. త్యాగం అన్నారు. ఆ రోజు అంటుకున్న ఆ మాట మళ్ళీ ఊడలేదు. పెళ్ళినాడు నారాయణఖేడ్‌లో ఆమెను రెండు చేతుల్లో ఎత్తుకొని తన ఇంటి గడప దాటించాడు. చూసిన ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. లిదియా కూడా ఒత్తుకుంది. అబద్ధమెందుకు, ఆ నాడు ఆమెకు బాగుండింది. అతని మెడ దగ్గర పౌడరు వాసన. కింద నేల దూరంగా పోయింది. నేల దూరమైతే ఏమవుతుందో అప్పటికి తెలియదు.

గడప అవతల కిష్టవ్వ కోడలి సంచి విప్పి చూసింది. “ఓ యమ్మో! చెప్పులు చేతులకు తొడుక్కొని ఇంట్ల తిరుగుతదా గీమె? గవే చేతులతోని పిండి పిసుకుతదా? ఛీ ఛీ. ఇగ ఇయ్యెందుకు నీకు? నా కొడుకు రెక్కలున్నయి కదా,” అని వాటిని అటక మీదికి విసిరేసింది. లిదియా నవ్వింది కూడా.

కొత్తలో ఒట్టి చేతులతోనే ఇంట్లో దేకేది. వెనక ఇంట్లో సాలెహా బేగం ఉండేది, బ్లౌజు కొలతలు తీసుకునే సాకుతో ఒక మధ్యాహ్నం గల్లీ దాటి ఆమె దగ్గరికి పోయింది. తిరిగి వస్తుంటే యోసేపు ఎదురుపడ్డాడు, తోడు నలుగురు డ్రైవర్లు. కొట్టలేదు. తిట్టనూ లేదు. ఇంట్లోకి తెచ్చి తలుపు వేసి ఏడ్చాడు. “నేను బతికుండంగ నువ్వు నేల మీద దేకుతే నా ముఖం యాడ పెట్టుకోవాలె? ఏమనుకుంటరు నన్ను? పెండ్లాన్ని కుక్కలెక్క తిప్పుతున్నడు అనరా?” అని ఆమె చెయ్యి తన నెత్తి మీద పెట్టుకున్నాడు. “ఒట్టెయ్యి. నీ చెయ్యి నేలకు తాకితే నేను సచ్చినంత ఒట్టు.”

మొగుడు ఏడిస్తే ఏ ఆడది కాదనగలదు? ఒట్టు వేసింది. కొడితే ఎదురుతిరుగుతారు, నాలుగు ఇళ్ళకు తెలుస్తుంది, పంచాయతీ అవుతుంది. కన్నీళ్ళకు పంచాయతీ లేదు.

సర్కారు వాళ్ళిచ్చిన మూడు చక్రాల బండి ఒకటి వచ్చింది. గల్లీలో మోరీ మీది పలకలు పగిలి ఉన్నాయి, బండి దాటదని పక్కన పెట్టారు. పలకలు ఎవరూ వేయలేదు. కిష్టవ్వ దాని మీద ఎండు మిరపకాయలు ఆరబోసుకుంది, తర్వాత కట్టెలు పేర్చుకుంది. ఒక యేడు లిదియా నీళ్ళోసుకుంది. మూడో నెలలో కడుపు పోయింది. దవాఖాన నుంచి వచ్చిన వారానికే కిష్టవ్వ, “మళ్ళ కడుపైతే ఎట్ల? ఇద్దరిని మొయ్యడానికి ఆడేమన్న గాడిదా?” అన్నది. ఆ మాట మీదనే ఆపరేషను చేయించారు. లిదియాను ఎత్తుకొని తీసుకుపోయారు, ఎత్తుకొని తీసుకొచ్చారు. ఏ ఆపరేషనో పోయేటప్పుడు సరిగా చెప్పను కూడా లేదు. ఎత్తుకుపోయేవాళ్ళకు ఎక్కడికో చెప్పవలసిన పనేముంది.

ఆ తర్వాత ఆటో వచ్చింది. వికలాంగుల కోటాలో, లిదియా పేరు మీద. వెనకాల పెద్ద అక్షరాలతో ‘లిదియా’ అని రాయించి, పైన తెల్ల పావురాన్ని వేయించాడు యోసేపు. అది కంగ్టి దాటి పోయేది, మనూరుకు పోయేది, నాగల్‌గిద్ద దాకా పోయేది. జనం దాన్ని పేరు పెట్టే పిలిచేవాళ్ళు. “లిదియా వచ్చింది, నడువుండ్రి.” “లిదియా నిండింది, ఇంకోదాంట్ల వస్త.” “లిదియా పంచరైంది.” ఆ మాటలు బ్లౌజులతోపాటు తఖ్తు దాకా వచ్చేవి. పేరు ఊళ్ళన్నీ తిరుగుతుంది, మనిషి కిటికీ దగ్గర బొత్తాలు కుడుతుంది. తల్లిగారి ఊరి మీదుగానే రోజూ పోయే బండి అది. ఒక్కసారి తీసుకపొమ్మంటే, “నువ్వు వంకర కూసుంటవు, ముగ్గురి జాగ పోతది. పండుగకు చూద్దాం,” అనేవాడు. ఆదివారం చర్చికి మాత్రం తప్పకుండా తీసుకుపోయేవాడు. అక్కడ ఎత్తుకుంటే చూసేవాళ్ళుంటారు.

మగవాడు ఆడదాన్ని మోస్తే లోకమంతా నిలబడి చూస్తుంది. ఆడది మగవాణ్ణి మోస్తే దానికి కాపురమని పేరు. కిష్టవ్వే ఉంది. ఆమె మొగుణ్ణి బతికినన్నాళ్ళూ కల్లు దుకాణం నుంచి బుజం మీద వేసుకొని ఇంటికి తెచ్చింది. నడుము పట్టేసింది అందుకే. దాని గురించి ఏ చర్చిలోనూ ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమె కూడా అనుకోలేదు.

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు బందైనాయి. ఆటోల కోసం జనం కొట్టుకునే రోజులవి. యోసేపు పొద్దున పోతే చీకటికే వచ్చేవాడు. లిదియా చాయి కూడా మానేసింది. ఓ రోజు సాలెహా బేగం జాకెట్టు బట్ట పట్టుకొని వచ్చి, “ఏం లిదియా, తఖ్తు మీద రాణీ లెక్క కూసున్నవు,” అంటూ చెయ్యి పట్టుకొని, వెంటనే వదిలేసింది. చెయ్యి పెంకలా కాలుతున్నది. నడుము వెనక పక్కటెముకల కింద కత్తి దించినట్టు నొప్పి. చలి. కిష్టవ్వ ఫోను చేస్తే యోసేపు మనూరులో ఉన్నాడు, ట్రిప్పు వేసుకొనే వచ్చాడు.

దవాఖానలో డాక్టరమ్మ లిదియా పొట్ట నొక్కి చూసి, ముఖం మాత్రం యోసేపు వైపు తిప్పి అడిగింది. “నీళ్ళు తాగుతుందా ఈమె?”

“తాగదు మేడం. ఎంత చెప్పినా ఇనదు. మొండిది.”

“కిడ్నీలకు, గుర్దాలకు ఇన్ఫెక్షన్ వచ్చింది. ఇట్లాగే ఉంటే పాడైపోతాయి. రోజూ బాగా తాగాలి, ఆపుకోవద్దు. చెప్పండి ఆమెకు.”

లిదియా అక్కడే, వాళ్ళిద్దరి మధ్యలోనే పడుకొని ఉంది. చెవులు బాగానే వినబడుతున్నాయి. డాక్టరమ్మ పోతూ పోతూ, “పాపం, మీరు బాగా చూసుకుంటున్నారు,” అని యోసేపును మెచ్చుకుంది.

ఇంటికొచ్చి తఖ్తు మీద దింపాక అతను నుదుటి చెమట తుడుచుకున్నాడు. “దినాం బిందెడు తాగమన్నది. తాగినంక గడియ గడియకు ఎత్తుడెవడు? డాక్టరమ్మ వస్తదా?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

మర్నాడు సాలెహా బేగం జావ తెచ్చింది. బుర్ఖా పైకెత్తి తఖ్తు అంచున కూర్చుంది. “దిగి పోరాదె నువ్వే? మొదట్ల వస్తుంటివి కదా మా ఇంటికి.”

“ఒట్టేసిన ఆపా. ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టి. నా చెయ్యి నేలకు తాకితే ఆయన సస్తడంట.”

“యా అల్లా! నేను మా ఆయన మీద ఏసిన ఒట్లకు ఆయన ఎన్నిసార్లు దఫన్ కావాలె? ఇంకా మంచిగ గోష్ తింటున్నడు.” లిదియాకు నవ్వొచ్చింది, నవ్వితే నడుములో పోటు వచ్చింది. సాలెహా ఊరుకోలేదు. “నాకు బుర్ఖా ఉన్నది, నిజమే. అందరికి కనబడ్తది. గని దాని కింద కాళ్ళున్నయి, యాడికన్న పోతయి. నీకేమున్నది కప్పింది? ఏం కనబడ్తలేదు నాకు.”

లిదియా జావ గిన్నె అందుకుంది. పూర్తిగా తాగింది. గుర్దాలు పోతే మనిషి ఎట్లా పోతుందో వాళ్ళ ఊళ్ళో చూసి ఉంది. ఆ రోజు నుంచి నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. డబ్బా, కిటికీ తలుపు, గల్లీలో కిష్టవ్వ కథ, అన్నీ రోజుకు నాలుగు సార్లయ్యాయి. బతకడానికి నీళ్ళు తాగాలి, తాగితే ఇజ్జత్ పోతుంది. ఆ రెండింటి నడుమ ఒక్క తోవే ఉంది, అది నేల మీది నుంచి పోతుంది. ఆ నేల మీద ఆమె చెయ్యి పెట్టకూడదు.

కంది కోతలయ్యాక చర్చిలో కోతపండుగ వచ్చింది. పంటలో తొలి భాగం దేవుడికి తెచ్చి, తర్వాత వేలం పాడే పండుగ. ఊళ్ళ నుంచి ఆటోలు దిగుతున్నాయి, జొన్న సంచులు, కంది మూటలు, గుమ్మడికాయలు. యోసేపు కొత్త తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఈ యేడు సంఘం తనకు శాలువా కప్పుతుందని నాలుగు రోజుల నుంచి తెలుసు. భార్యను చర్చి మెట్టు మీద దింపి, ఆటోను ముందుకు తీసి నిలబెట్టాడు. అక్కడ నేల కొంచెం వాలుగా ఉంటుంది. కొన్నాళ్ళుగా ఆటో బ్రేకు పట్టడం లేదు. సీటు కింద నుంచి ఏవో రెండు తీసి వెనక చక్రాల కింద అడ్డం పెట్టాడు.

మెట్టు మీద కూర్చున్నవాళ్ళకు చక్రాలు కళ్ళకు ఎదురుగానే ఉంటాయి. టైరు ముక్కలు. అంచు చుట్టూ గుబ్బమేకులు, మూలన రెండు మేకులు పక్కపక్కనే. ఎడమ చేతిది జారకుండా నాయిన ఎక్కువ కొట్టిన మేకు అది.

“అవేంది?” అన్నది.

“ఏవి? గవా? నీ పాతయే.” యోసేపు చేతులు దులుపుకున్నాడు. “అటక మీద ఊకె పడి ఉన్నయి. మస్తు పనికొస్తున్నయి. మీ నాయిన గట్టి రబ్బరే ఏసిండు, పెద్దమనిషి.” అని ఒంగి ఆమెను ఎత్తుకున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు, “వస్తున్నడు, వస్తున్నడు, జరుగుండ్రి,” అని తోవ ఇచ్చారు.

లోపల కానుకలు పరిచిన చాప పక్కన ఆమెను కూర్చోబెట్టాడు. ముందర అయితే శాలువా కప్పేటప్పుడు కనబడుతుందని సంఘపెద్దలు చెప్పారట. ఒక పక్క గుమ్మడికాయలు, ఒక పక్క కాళ్ళు కట్టేసిన కోళ్ళు. వెనక ఆడవాళ్ళలో కిష్టవ్వ కంది మూటకు ఆనుకొని కూర్చుంది. కోళ్ళలో ఒక పుంజు రెక్కలు కొట్టుకుంటూ చాప అంచు దాకా జరిగింది. ఎవరో దాని కాళ్ళు పట్టి వెనక్కి గుంజి పెట్టారు. మళ్ళీ జరిగింది. మళ్ళీ గుంజారు.

పాస్టరయ్య ప్రసంగం మొదలుపెట్టాడు. నడవలేని మనిషిని నలుగురు మంచంతో సహా మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి దింపిన ముచ్చట. “ఆ నలుగురు చేసిన పని మన యోసేపు ఒక్కడు చేస్తున్నడు. ఒక్కనాడు గాదు, రెండునాళ్ళు గాదు, పెండ్లయిన కాడికెల్లి!” ఆమెన్, ఆమెన్ అన్నారు. లిదియాకు ఆ ముచ్చట చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ మనిషి చివరికి తన మంచం తానే ఎత్తుకొని ఇంటికి పోతాడు. పాస్టరయ్య అక్కడిదాకా రాలేదు. మోసినవాళ్ళ దగ్గరే ఆగిపోయాడు.

పొద్దున్నే దవాఖాన మాట గుర్తు పెట్టుకొని చెంబెడు నీళ్ళు తాగి వచ్చింది. పాటలప్పుడే కడుపు బిగియడం మొదలైంది. ఇప్పుడు నడుములో పోటు లేస్తున్నది. యోసేపు ప్యాంటు అంచు పట్టి గుంజింది. “ఇగో, బయటికి తీస్కపో. ఆగుతలేదు.”

“ఆగు. శాలువా అయినంక.”

“అయ్యేదాంక ఆగది.”

“ఇంత సేపు ఆగినవు, ఇంకింత ఆగలేవా? జరగకు.”

శాలువా కప్పారు. పూలదండ వేశారు. చప్పట్లు. యోసేపు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దొంగ నీళ్ళు కావు, అవి నిజమే. అతనిదంతా నిజమే, అదే కష్టం. పాస్టరయ్య మైకు పట్టుకొని లిదియా దగ్గరికి వచ్చి ఒంగాడు. “బిడ్డా, నీ భర్త గురించి ఒక్క సాక్ష్యం చెప్పు. నీ మనసుల ఏమున్నదో అది చెప్పు.”

మైకు నోటి ముందుకు వచ్చింది. మనసులో ఏమున్నదని వెతికింది. పౌడరు వాసన ఉంది, డబ్బా ఉంది, మూడో నెలలో పోయిన కడుపు ఉంది, చక్రాల కింద రెండు చెప్పులు ఉన్నాయి. ఏది ముందు తీసినా వెనకది తెగి కింద పడుతుంది. నడుములో కత్తి తిరిగింది.

“నాకు ఒంటికొస్తున్నది,” అన్నది.

మైకు ఆ మాటను చర్చి అంతా చెప్పింది, బయట చెట్టు కింద కూర్చున్నవాళ్ళకు కూడా చెప్పింది. మగవాళ్ళ వైపు ఎవడో ఫక్కున నవ్వాడు. పాస్టరయ్య మైకు చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. యోసేపు ఒంగలేదు. శాలువా అంచులు రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డాడు, ముఖం ఇటుకరంగుకు తిరిగింది. పళ్ళ సందునుంచి, “ఇంటికి నడువు, చెప్త,” అన్నాడు.

నడువు అన్నాడు. ఆ మాట అన్నట్టు అతనికి తెలియదు. లిదియాకు తెలిసింది.

చెయ్యి చాప మీద పెట్టింది. తర్వాత చాప దాటించి, చల్లటి బండ మీద పెట్టింది. యోసేపు వైపు చూసింది. అతను చావలేదు. రెండో చెయ్యి కూడా పెట్టి ఒళ్ళు ముందుకు ఈడ్చింది. బుజాలకు పాత పని గుర్తున్నది గాని చేతకాలేదు, తఖ్తు మీద కూర్చున్న యేండ్లన్నీ వచ్చి నడుము మీద కూర్చున్నట్టయింది. మళ్ళీ ఈడ్చింది. నడవాలో కూర్చున్న ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు, కొంగులు దగ్గరికి తీసుకున్నారు. “నోట్ల మన్ను పడ, ఇజ్జత్ తీసెనమ్మా, నా కొడుకు ఇజ్జత్ తీసె,” అని కిష్టవ్వ శోకం ఎత్తుకుంది. ఎత్తుకుంటూనే, తోవలో ఉన్న కంది మూటను రెండు చేతులతో పట్టి పక్కకు లాగింది. ఎందుకు లాగిందో ఆమెను అడిగినా చెప్పలేకపోయేది. కడుపుకు తెలిసిన సంగతి నోటికి తెలియకపోవచ్చు.

మెట్లు దిగేటప్పుడు మోచెయ్యి చెక్కుకుపోయింది. కింద అంతా కంకర, దాని మీద తుమ్మ ముండ్లు. ఆడవాళ్ళు పోయే చోటు చర్చి వెనక గోడ అవతల. నాలుగు బారలు పోయేసరికి అరచేతిలో ముల్లు విరిగింది. చిన్నప్పటి గట్టి చెయ్యి కాదిది. సూదీ దారం పట్టి మెత్తబడ్డ చెయ్యి. ఆగింది. ఎదురుగా ఆటో వెనక భాగం. దుమ్ము పట్టిన పావురం, దాని కింద తన పేరు.

గోడ పక్క షామియానా తాళ్ళకు పెట్టగా మిగిలిన రాళ్ళున్నాయి. ఒకటి దొర్లించుకొచ్చి చక్రానికి ఆనించింది. తర్వాత చెప్పు పట్టి గుంజింది. రాలేదు. రెండు చేతులతో గుంజింది. ఊడి వచ్చింది. రెండో చక్రం కిందా అట్లాగే. బండి వేలెడంత వెనక్కి జరిగి, రాళ్ళకు ఒరిగి ఆగిపోయింది. ఆ బండికి రాయి చాలు. ఊరంతా రాళ్ళే. అయినా ఇన్నాళ్ళూ తన కాళ్ళు తీసి పెట్టారు.

ఒక చెప్పుకు పట్టీ కుళ్ళి తెగింది. బొడ్లో ఎప్పుడూ ఉండే కొలత టేపు తీసి, చెప్పు కింద నుంచి తిప్పి, చేతికి కలిపి చుట్టి, పంటితో ముడి వేసింది. రెండు చేతులూ నేలకు ఆనించింది. టప్. మళ్ళీ ఒకసారి ఆనించి చూసింది. టప్. ఆ చప్పుడుకు రొట్టె వేసే మనిషి ఇక్కడ లేదు. ఈ సాయంత్రం నుంచి తఖ్తు ఎక్కించేవాడు ఉండడు, ఎక్కకపోతే మిషను లేదు, ఆ ఇంట్లో మాట కూడా ఉండదు. ఇవన్నీ వరుసగా కనబడ్డాయి. కనబడినా చేతులు ఆగలేదు.

యోసేపు మెట్లు దిగి వచ్చాడు. వెనక తలుపు నిండా జనం. శాలువా బుజం మీదే ఉంది. గోడ వైపు పోయే తోవకు ఎదురుగా నిలబడి, ఎప్పటిలాగే ఒంగి, రెండు చేతులూ చాచాడు. అందరికీ వినబడేటట్టు మెత్తగా అన్నాడు. “దా లిదియా. కోపం జెయ్యకు. దా, ఎత్తుకుంట.” తర్వాత ఆమెకు ఒక్కదానికే వినబడేటట్టు, “ఒట్టేసినవ్ నువ్వు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసినవ్,” అన్నాడు.

లిదియా తల ఎత్తింది. ఇన్నేళ్ళూ అతని మెడ దగ్గర నుంచి చూసిన ముఖం ఇది, కింద నుంచి చూడడం ఇదే మొదలు.

“అడ్డమున్నవు,” అన్నది. “జరుగు.”